కారు తన బరువు మీద నిలిచాకే బిగించాలి

అందరికీ నమస్కారం. బల్ల మీద ఒక ఇనుప ముక్క పెట్టాను. వెనక కూర్చున్నవారికి కనబడుతోందా? ఉండండి, ఎత్తి పట్టుకుంటాను. ఇదిగో. ఒక కారు ముందు చక్రం దగ్గర నుంచి విప్పిన లోయర్ ఆర్మ్ ఇది. పుస్తకాల్లో కంట్రోల్ ఆర్మ్ అని ఉంటుంది. ఇలా రెండు కొమ్ములుగా చీలి ఉంటే విష్‌బోన్ అంటారు, ఎ-ఆర్మ్ అని కూడా అంటారు. పనిచేసేవాళ్ల నోట ఎక్కువగా వినబడేది లోయర్ ఆర్మ్ అన్న మాటే కాబట్టి నేనూ అదే వాడతాను.

దీన్ని విప్పడం, కొత్తది బిగించడం అంత కష్టమైన పని కాదు. చాలా కార్లలో రెండో మూడో బోల్టులు, ఒక బాల్ జాయింట్, అంతే. మరి దీనికోసం ఇంతమందిని కూర్చోబెట్టి మాట్లాడటం ఎందుకు? ఎందుకంటే కొత్త ఆర్మ్ వేసిన కొద్ది నెలలకే మళ్లీ అదే చప్పుడుతో తిరిగివచ్చిన కార్లను నేను చూశాను. వస్తువులో లోపం లేదు, రోడ్డులో లోపం లేదు. బిగించిన తీరులో లోపం. ఆ ఒక్క సంగతి ఇక్కడున్న అందరికీ అర్థమైతే నేను వచ్చిన పని అయినట్టే. అయితే నేరుగా అక్కడికి వెళ్తే అర్థం కాదు. ముందు ఈ ముక్క ఏం చేస్తుందో చూద్దాం.

చక్రం ఏం చేయాలి? గుంట వస్తే కిందికి దిగాలి, మిట్ట వస్తే పైకి లేవాలి. పైకీ కిందికీ కదలాలి, కానీ ముందుకు పోకూడదు, వెనక్కి జరగకూడదు, పక్కకు తప్పుకోకూడదు. ఒక్క దిశలో స్వేచ్ఛ, మిగతా దిశల్లో కట్టడి. ఇంట్లో తలుపును తలచుకోండి. తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, కానీ గడప వదిలి ఎక్కడికీ పోదు. ఎందుకు? బందులు పట్టి ఉంచాయి కాబట్టి. ఈ ఆర్మ్ పడుకోబెట్టిన తలుపు లాంటిది. ఈ రెండు కొమ్ముల చివర ఉన్నవి బందులు, అంటే బుష్‌లు. అవి కారు కింద ఉండే సబ్‌ఫ్రేమ్‌కు బిగిసి ఉంటాయి. ఈ మూడో చివర ఉన్నది బాల్ జాయింట్, అది చక్రాన్ని మోసే నకుల్‌కు తగులుకుంటుంది. చక్రం పైకి కిందికి కదలడంతో పాటు స్టీరింగ్‌తో పక్కలకు కూడా తిరగాలి కదా, అందుకని అక్కడ బందు చాలదు, మన తుంటి కీలు లాంటిది కావాలి. గిన్నెలో గుండు.

ఈ రోజుల్లో చాలా కార్లకు ముందు వైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్ అమరిక. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజనీరు 1940లలో రూపొందించాడు. 1950లో వచ్చిన ఫోర్డ్ కాన్సుల్, జెఫిర్ కార్లలో వాడారు. పైన స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే నిట్టాడుగా ఉంటాయి, కింద ఒకే ఒక ఆర్మ్ ఉంటుంది. పైన మరో ఆర్మ్ ఉండదు. అంటే బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి గుంజే బలంలో, మలుపులో పక్కకు తోసే బలంలో పెద్ద వాటా ఈ ఒక్క ముక్క మీదే పడుతుంది. రెండు ఆర్మ్‌లు ఉండే డబుల్ విష్‌బోన్ అమరిక వేరు, దాని జాగ్రత్తలు వేరు. దాని గురించి ఒక ముఖ్యమైన మాట తర్వాత చెబుతాను, మరిచిపోతే గుర్తుచేయండి.

ఇప్పుడు ఈ బుష్‌ను దగ్గరగా చూద్దాం. ముందు వరుసలో ఉన్నవారు చేతిలోకి తీసుకుని చూసి పక్కవారికి ఇవ్వండి. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక సన్న గొట్టం, మధ్యలో రబ్బరు. లోపలి గొట్టంలో నుంచి బోల్టు పోతుంది. ఇక్కడ నేనొక ప్రశ్న అడుగుతాను. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు ఈ బుష్‌లో ఏది దేని మీద తిరుగుతుంది? రబ్బరు లోపల గొట్టం జారుతుందా? గొట్టంలో బోల్టు తిరుగుతుందా?

బోల్టు తిరుగుతుందని చాలామంది అంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కాదు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం సబ్‌ఫ్రేమ్ చెవుల మధ్య నొక్కుకుని కదలకుండా అయిపోతుంది. రబ్బరును లోపలి గొట్టానికి అతికించే తయారుచేస్తారు, కాబట్టి అదీ జారదు. అంటే ఇక్కడ ఏదీ దేని మీదా తిరగదు. రబ్బరు మెలిపడుతుంది, అంతే. మెలిపడి మళ్లీ యథాస్థితికి వస్తుంది.

ఎవరి చేయి వాళ్లు చూసుకోండి. కుడి చేత్తో ఎడమ మణికట్టును గట్టిగా పట్టుకోండి. గట్టిగా. ఇప్పుడు పట్టు వదలకుండా కుడి చేతిని కొంచెం తిప్పండి. జారిందా? జారలేదు. చర్మం మెలిపడింది. కొంచెం తిప్పితే ఏమీ అనిపించదు. ఇంకొంచెం తిప్పితే చురుక్కుమంటుంది. అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పితే చర్మం ఎంతసేపైనా ఓర్చుకుంటుంది. కానీ ముందే ఒక పక్కకు బాగా మెలితిప్పి పట్టుకుని, అక్కడి నుంచి ఇంకా అదే పక్కకు తిప్పితే? ఆ మంటను గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ఆర్మ్ అరిగిందని ఎలా తెలుస్తుంది? మొదట చెవికి తెలుస్తుంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు, గుంటలో పడ్డప్పుడు కింద నుంచి ఒక మొద్దు చప్పుడు. తర్వాత చేతికి తెలుస్తుంది. తిన్నని రోడ్డు మీద కూడా స్టీరింగ్‌ను అస్తమానం సరిదిద్దుకుంటూ ఉండాల్సి వస్తుంది. బ్రేకు వేయగానే కారు ఒక పక్కకు లాగుతుంది. ఎందుకు లాగుతుంది? వెనక ఉండే ఈ పెద్ద బుష్ చిరిగితే, బ్రేకు వేసినప్పుడు ఆ వైపు చక్రం వెనక్కి జరుగుతుంది. జరిగినప్పుడు దాని కోణం మారుతుంది, మొహం పక్కకు తిరుగుతుంది. బ్రేకు వదిలితే మళ్లీ దారికి వస్తుంది. అందుకే చక్రాల కోణాలు కొలిచే వీల్ అలైన్‌మెంట్ యంత్రం మీద నిలబెడితే అన్నీ సరిగ్గా ఉన్నట్టే చూపించవచ్చు. నిలబడి ఉన్న కారుకు నొప్పి లేదు, నడిచేటప్పుడే నొప్పి. టైరు లోపలి అంచు ఒక్కటే అరిగిపోతూ ఉంటే అది కూడా ఒక ఆనవాలు. కానీ ఈ లక్షణాలన్నీ వేరే భాగాల వల్ల కూడా రావచ్చు. మలుపులో కారు ఒరిగిపోకుండా ఆపే కడ్డీ ఉంటుంది, స్టెబిలైజర్ బార్ అంటారు, దాని లింకు వదులైనా చప్పుడు వస్తుంది. స్టీరింగ్ తిప్పుడును చక్రానికి చేర్చే టై రాడ్ చివర అరిగినా స్టీరింగ్ నిలకడ తప్పుతుంది. అందుకని చప్పుడు విని ముక్క కొనకండి. కళ్లతో చూసి, చేత్తో కదిపి, అప్పుడు నిర్ణయించండి.

చూడటం ఎలా? కారును ఎత్తి, స్టాండు మీద నిలిపి, బుష్ దగ్గర లైటు వేసి చూడండి. పైపైన సన్నని వెంట్రుక గీతలు ఉంటే కంగారు పడక్కర్లేదు, పాతబడ్డ రబ్బరుకు అవి సహజం. లోపలి గొట్టం చుట్టూ నెలవంకలా చీలిక ఉంటే, ఆ చీలికలో నుంచి వెలుతురు అవతలికి కనబడుతుంటే, అది అయిపోయినట్టే. అయితే ఒక జాగ్రత్త. కొన్ని బుష్‌లలో కావాలనే ఖాళీలు వదులుతారు, ఒక దిశలో మెత్తగా, ఇంకో దిశలో గట్టిగా ఉండటానికి. ఆ ఖాళీల అంచులు నున్నగా ఉంటాయి, చిరుగు అంచులు గరుకుగా ఉంటాయి. వేలు పెట్టి తడిమితే తేడా తెలిసిపోతుంది. మరికొన్ని బుష్‌లలో లోపల ద్రవం ఉంటుంది. వాటి చుట్టూ తడి మరక కనబడితే ఆ ద్రవం కారిపోయినట్టు. చివరగా ఒక రాడ్డును ఆర్మ్‌కూ సబ్‌ఫ్రేమ్‌కూ మధ్య పెట్టి మెల్లగా మీటండి. కొంచెం సాగడం రబ్బరు గుణం. టక్కున కొట్టుకుంటే మార్చాల్సిందే.

బాల్ జాయింట్ సంగతి వేరు. బుష్ పాడైతే కారు సుఖం పోతుంది, టైరు పోతుంది. బాల్ జాయింట్ ఊడితే చక్రం ఆ నిమిషాన్నే కింద నుంచి మడతపడి పడిపోతుంది. వేగంలో ఉన్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో నేను వర్ణించనక్కర్లేదు. చక్రం గాలిలో ఉండగా పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. టైరు కింద పొడవాటి రాడ్డు పెట్టి పైకి లేపి చూడండి. జాయింట్ దగ్గర కంటికి కదలిక కనబడితే ఆ కారును రోడ్డెక్కించకండి. పైనున్న రబ్బరు తొడుగు చిరిగినా సరే, తేలికగా తీసుకోకండి. దుమ్ము, నీరు లోపలికి పోయి గ్రీజును ఆకురాయిలా మారుస్తాయి.

అక్కడ ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఏమిటమ్మా? బుష్ ఒక్కటే మార్చుకోవచ్చు కదా, మొత్తం ఆర్మ్ ఎందుకు అంటున్నావు. మంచి ప్రశ్న. మార్చుకోవచ్చు. ఆర్మ్ వంగకుండా ఉండి, బాల్ జాయింట్ గట్టిగా ఉండి, బుష్‌ను నొక్కి దించే ప్రెస్ అందుబాటులో ఉంటే బుష్ ఒక్కటే మార్చడం సబబే. కానీ ఇందాక చెప్పిన ఖాళీలు ఉన్నాయే, అవి ఏ దిక్కుకు ఉండాలో అదే దిక్కుకు ఉండేలా దించాలి. సుత్తితో కొట్టి ఎక్కించకూడదు. కొట్టిన దెబ్బకు రబ్బరు అతుకు అక్కడే విడిపోతుంది. పాత ఆర్మ్‌లో బాల్ జాయింట్ కూడా అంతే పాతది కాబట్టి, చాలా సందర్భాల్లో మొత్తం మార్చడమే నా సలహా. వంగిన ఆర్మ్‌ను మాత్రం వేడి చేసి సరిచేయించడం, వెల్డింగ్ పెట్టించడం ఎప్పుడూ చేయకండి. ఎప్పుడూ.

సరే, పనిలోకి దిగుదాం. కారును ఎత్తకముందే, నేల మీద నాలుగు చక్రాల మీద ఉన్నప్పుడే ఒక కొలత తీసుకోవాలి. చక్రం నడిమధ్య నుంచి నిట్టనిలువుగా పైన మడ్‌గార్డ్ అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్లు? టేపు పెట్టి కొలిచి కాగితం మీద రాసుకోండి. రెండు వైపులా. ఒక్క నిమిషం పని. దీన్ని వదిలేసినవాళ్లు చివర్లో చీకట్లో తడుముకోవాల్సి వస్తుంది. ఇది ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

చక్రం నట్లు నేల మీద ఉండగానే కొంచెం వదులు చేయండి. వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీతో ఎత్తి, తయారీదారు చెప్పిన చోట స్టాండు పెట్టి, కారు బరువును స్టాండు మీదికి దించండి. జాకీ ఉన్నది ఎత్తడానికి, నిలబెట్టడానికి కాదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి చెయ్యి కూడా పెట్టకండి. వీలైతే ముందు రెండు చక్రాలనూ ఎత్తండి. ఒక్కవైపే ఎత్తితే స్టెబిలైజర్ బార్ మెలిపడి ఆర్మ్‌ను తోస్తూ ఉంటుంది. దాని లింకు ఆర్మ్‌కే తగులుకుని ఉంటే ముందు అది విప్పాలి. కొన్ని కార్లలో హెడ్‌లైటు ఎత్తును సర్దే సెన్సర్ కూడా ఆర్మ్‌కు తగిలించి ఉంటుంది. దాన్ని తెంపుకోకండి.

బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే సగం పని అయిపోయినట్టే. బాల్ జాయింట్ రెండు రకాలు. ఒకటి శంకువులా సన్నబడే కాడ ఉన్నది, దానికి కింద నట్టు, నట్టుకు అడ్డంగా పిన్ను. రెండోది నకుల్ చీలికలో దూరి, అడ్డబోల్టుతో నొక్కి ఉండేది. మొదటిదాన్ని ఊడదీయడానికి దానికోసమే చేసిన పుల్లర్ వాడండి. రెండోదానికి చీలికను కొంచెం వెడల్పు చేయాలి, మెల్లగా, చిన్న ఉలితో. ఎక్కువ తెరిస్తే నకుల్ పగులుతుంది.

జాయింట్ ఊడగానే జాగ్రత్త. నకుల్, చక్రం బిగిసే హబ్, బ్రేకు అన్నీ కలిసి పక్కకు తూలతాయి. అలా తూలితే ఇంజను శక్తిని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ నుంచి బయటికి లాగుకుపోవచ్చు, బ్రేకు గొట్టం మీద బరువు పడవచ్చు. ముందే ఒక తీగతో కట్టి ఉంచండి.

మరిచిపోతే గుర్తుచేయమన్నాను, నాకే గుర్తొచ్చింది. మెక్‌ఫర్సన్ అమరికలో స్ప్రింగు స్ట్రట్‌లోనే బందీగా ఉంటుంది, ఆర్మ్ విప్పినా అది ఎగరదు. కానీ డబుల్ విష్‌బోన్ ఉన్న కొన్ని కార్లలో స్ప్రింగు నేరుగా కింది ఆర్మ్ మీదే కూర్చుని ఉంటుంది. అక్కడ స్ప్రింగును సాధనంతో నొక్కి కట్టకుండా ఆర్మ్ విప్పితే అది తుపాకి గుండులా దూసుకువస్తుంది. మనిషి ప్రాణం తీయగల బలం అది. మీ కారు ఏ రకమో చూసుకోకుండా స్పానర్ పట్టుకోకండి.

సబ్‌ఫ్రేమ్ బోల్టులు విప్పి పాత ఆర్మ్‌ను దించాక, కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చండి. ఎడమ, కుడి వేరు వేరు. చూడటానికి కవలల్లా ఉంటాయి, కానీ ఒకటి ఇంకోదాని స్థానంలో పనికిరాదు. కొత్తది ఎక్కించేటప్పుడు బుష్ రబ్బరుకు గ్రీజు గానీ ఇంజను నూనె గానీ పూయకండి, రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. అడ్డబోల్టు రకం బాల్ జాయింట్‌లో ఒక చక్కని ఏర్పాటు ఉంది. కాడ మీద ఒక గాడి ఉంటుంది. కాడ పూర్తిగా లోపలికి దిగితేనే ఆ గాడి బోల్టు దారికి ఎదురొస్తుంది, బోల్టు దూరుతుంది. బోల్టు దూరకపోతే సుత్తి తీయకండి. కాడ ఇంకా దిగలేదని అది మీకు చెబుతోంది. ఒకసారి వాడిన లాక్ నట్లు, తయారీదారు కొత్తవి వేయమన్న బోల్టులు మళ్లీ వాడకండి.

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. కారు గాలిలో ఉంది, చక్రం లేదు, ఆర్మ్ కిందికి వేలాడుతోంది. బోల్టులు చేత్తో ఎక్కించారు. స్పానర్ చేతిలో ఉంది. చేయి ఏం చేయబోతుంది? బిగించబోతుంది. ఆగండి. ఇక్కడే ఆగాలి.

వేలాడుతున్న ఆర్మ్‌ను అలాగే బిగిస్తే, రబ్బరుకు ఆ వేలాడే స్థితే సొంత స్థితి అవుతుంది. తర్వాత కారును నేల మీదికి దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడుతుంది. లెక్క వేద్దాం. ఆర్మ్ పొడవు 35 సెంటీమీటర్లు అనుకుందాం, వేలాడినప్పుడు దాని చివర 8 సెంటీమీటర్లు దిగింది అనుకుందాం. అంటే దాదాపు 13 డిగ్రీలు. కారు కదలకుండా ఇంటి ముందు నిలిచి ఉన్నా సరే, రాత్రింబవళ్లు ఆ రబ్బరు 13 డిగ్రీలు మెలిపడే ఉంటుంది. ఇక మిట్ట ఎక్కితే? అదే పక్కకు ఇంకా మెలి. ఇందాక మణికట్టు దగ్గర పుట్టిన మంట గుర్తుందా? అదే ఇది. ఏళ్ల తరబడి మన్నాల్సిన బుష్ నెలల్లో చిరుగుతుంది.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక కారుకు రెండు వైపులా ఆర్మ్‌లు మార్చాను. కొత్త ముక్కలు, మంచి ముక్కలు. శుభ్రంగా బిగించానన్న తృప్తితో పంపాను. నాలుగు నెలలకు ఆ కారు అదే చప్పుడుతో తిరిగివచ్చింది. విప్పి చూస్తే రెండు వైపులా వెనక బుష్‌లు ఒకే చోట, ఒకే కోణంలో చిరిగి ఉన్నాయి. రెండూ ఒకేలా చిరగడం యాదృచ్ఛికం కాదు కదా? ఆ చిరుగును చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. వేలాడదీసి బిగించింది నేనే. కారు యజమాని నన్ను నమ్మి తాళాలు ఇచ్చాడు. సొంత ఖర్చుతో మళ్లీ మార్చి ఇచ్చాను, ఏం జరిగిందో దాచకుండా చెప్పాను. అప్పటి నుంచి ఎవరికి ఈ పని నేర్పినా ముందు ఈ మాటే చెబుతున్నాను.

మరి ఎలా బిగించాలి? నకుల్ కింద, బాల్ జాయింట్ దగ్గర, జాకీ పెట్టి మెల్లగా పైకి లేపండి. ఇందాక కాగితం మీద రాసుకున్న కొలత ఉంది కదా? హబ్ మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా సరిగ్గా ఆ కొలత వచ్చేదాకా లేపండి. లేపేటప్పుడు కారు స్టాండు మీద నుంచి లేచిపోకుండా చూసుకోవాలి, లేస్తుంటే అక్కడే ఆపండి. అప్పుడు కొలత అందలేదంటే ఈ పద్ధతి ఆ కారుకు కుదరదు. అలాంటప్పుడు చక్రం వేసి, నాలుగు చక్రాలూ ఆనే లిఫ్టు మీదో, గుంత మీదో, ర్యాంపు మీదో కారును నిలిపి, కింద నుంచి బిగించండి. నన్నడిగితే రెండోదే మేలైన పద్ధతి. కారు తన బరువు తానే మోస్తూ నిలిచినప్పుడు ఏ లెక్కా తప్పదు. ఒక్క మినహాయింపు ఉంది. గొట్టం లోపల స్వేచ్ఛగా తిరిగేలా చేసిన పాలీయురేథేన్ బుష్‌లకు ఈ నియమం వర్తించదు. మామూలు రబ్బరు బుష్‌లన్నిటికీ వర్తిస్తుంది.

ఎంత బిగించాలన్నది ఆ కారు మాన్యువల్ చెప్పాలి, మన భుజం చెప్పకూడదు. తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, కొలిచి చూపే టార్క్ రెంచ్ వాడండి. 100 న్యూటన్ మీటర్లు అంటే ఎంతో తెలుసా? మీటరు పొడవున్న కర్ర చివర పది కిలోల బరువు వేలాడదీసినంత. అలవాటైన చేతికి కూడా ఆ లెక్క తప్పుతుంది. కొన్ని బోల్టులకు టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పాలని కూడా ఉంటుంది, అదీ పాటించండి.

తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. కొత్త ఆర్మ్ వచ్చాక చక్రం కోణాలు కొంచెమైనా మారతాయి, మారలేదని కంటితో చూసి చెప్పలేం. రెండు వైపులా మార్చాలా అని ఇందాక టీ దగ్గర ఒకాయన అడిగారు. గుద్దుకుని ఒకటి వంగితే, రెండోది పరీక్షలో బాగుంటే, ఒకటి చాలు. వయసు మీద పడి అరిగితే రెండోదీ అంతే దూరం తిరిగింది కదండీ, రెండూ మార్చడమే మంచిది.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఈ బల్ల మీద ఒక కొత్త బుష్‌ను బల్లకే బిగించి, లోపలి గొట్టంలో రాడ్డు అమర్చి ఉంచాను. ఒక్కొక్కరే వచ్చి ఆ రాడ్డును అటూ ఇటూ తిప్పి చూడండి. రబ్బరు ఎక్కడ తేలికగా ఉంటుందో, ఎక్కడి నుంచి ఎదురు తిరుగుతుందో మీ చేతికే తెలుస్తుంది. పక్కన నాలుగు నెలలకే చిరిగిన ఆ పాత బుష్ కూడా ఉంది, దాచి ఉంచాను. దాన్ని కూడా ముట్టుకుని చూడండి.